నా చేతికి తగిన రంపం

రాయి కోసే రంపం కొనడానికి వెళ్ళి, మా ఆయనా నేనూ దాన్ని ఇత్తడి బిందె కొన్నట్టు కొన్నాం. అంటే చేత్తో పైకెత్తి, ఒకసారి అటూ ఇటూ ఊపి, "బరువుండాది, మంచిదే" అనుకున్నామన్నమాట. మేమిద్దరం నంద్యాల వైపు వాళ్ళం. మా ఇళ్ళలో గిన్నె కొన్నా, తాళం కొన్నా, పెళ్ళికి పెట్టే కంచం కొన్నా ముందు చేతిలో తూకం చూస్తారు. తేలిగ్గా తగిలితే అది రేకు అని పక్కన పడేస్తారు. సింగపూర్ వచ్చి ఇన్నేళ్ళయినా ఆ అలవాటు మా చేతుల్ని వదల్లేదు.

నేను ఇక్కడ ఒక విశ్వవిద్యాలయంలో రాళ్ళ ల్యాబులో పనిచేస్తాను. రాతిలో ఇరుక్కున్న శిలాజాన్ని చెడకుండా, చుట్టూ రాయితో సహా కోసి బయటికి తీయడం నా పని. మన తెలుగువాళ్ళ ఇళ్ళలో భోజనాలకు పిలిస్తే అందరూ సాఫ్ట్‌వేర్, బ్యాంకు అని చెప్పుకుంటూ వస్తారు. నా వంతు వచ్చేసరికి "రాళ్ళు కోస్తానండి" అంటాను. వెంటనే ఎవరో ఒకరు పెరుగు ఇటు జరుపుతారు. మా ఆయనది బ్యాంకులో కంప్యూటర్ల పని. ఆయన్ని ఏమీ అడగరు.

ఆ రంపం కొనడం మామూలు కొనుగోలు కాదు. నా చేతులు పాడవుతున్నాయి. ఏళ్ళ తరబడి పెట్రోలు కట్టర్లు పట్టుకుని పట్టుకుని, వేళ్ళ కొసలు ఉన్నట్టుండి తెల్లబడిపోయి, తిమ్మిరెక్కి, కాసేపు నావి కానట్టే ఉండేవి. మొదట ఏసీ వల్ల అనుకున్నాను. తర్వాత పొద్దున పూట రవిక హుక్కులు పెట్టుకోవడం కుదరలేదు. చింతపండు పిసుకుతుంటే గింజ తగలడం లేదు. డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. "వణికే మిషన్లు ఇక ముట్టుకోకపోతే మేలు. తప్పదంటే తేలికైనవి, కాసేపు మాత్రమే. ముదిరితే స్పర్శ తిరిగి రాదు" అన్నాడాయన. 'మేలు' దాకా మా ఆయన విన్నారు. 'తప్పదంటే' దగ్గర్నుంచి నేను విన్నాను. ఒకే గది, ఒకే డాక్టరు, పక్కపక్క కుర్చీలు. బయటికొచ్చి లిఫ్టులోనే పోట్లాడుకున్నాం.

ఆ గొడవ చల్లారకముందే ఆకు దొరికింది. చోవా చూ కాంగ్ దాటాక కొత్త రోడ్డు కోసం ఒక గుట్టని సగానికి కోశారు. ఆ కోసిన వాలులో, బూడిదరంగు రాతి పొర మీద, మూరెడు ఆకు ముద్ర. ఈతాకులా నడుమ ఒక ఈనె, రెండు వైపులా వరసగా సన్నటి రెమ్మలు. అది బతికిన కాలంలో భూమ్మీద పువ్వన్నదే లేదు. ఈ చిన్న ద్వీపంలో, ఉన్న నేలంతా ఫ్లాట్లూ రోడ్లూ అయిపోయిన చోట, అలాంటిది కంటపడటమే అపురూపం. సైట్ ఇంజనీరు మంచివాడు, పది రోజులు ఆగుతానన్నాడు. ఆ తర్వాత వర్షాలకు వాలు జారకుండా దాని మీద వల పరిచి సిమెంటు చల్లేస్తారు. మామూలు రోజుల్లో ఆ వాలు కింద వాళ్ళ మిషన్లు తిరుగుతుంటాయి. ఆదివారాలు చప్పుడు చేసే పనులు కుదరవు, దగ్గర్లోనే జనం ఉంటారు. రంపం కొనాలి, చేతికి అలవాటు చేసుకోవాలి. అన్నీ లెక్కేసుకుంటే మాకు మిగిలింది ఒక్క శనివారం.

మా ల్యాబులో రాయి కోసే చెయ్యి నాదొక్కటే. మిగతా వాళ్ళు మైక్రోస్కోపు ముందు కూర్చునే వాళ్ళు, వాళ్ళకి రంపం ఇస్తే ముందు కళ్ళు మూసుకుంటారు. కానీ నిజం చెప్పాలంటే ఇంకెవరైనా ఉన్నా నేను ఇచ్చేదాన్ని కాదు. ఈ ఆకుని నేనే కోయాలి. ఇది నా చేత్తో కోయగలిగితే ఇంకొన్నాళ్ళు ఈ పని నాదే. కోయలేకపోతే, ఇక నేను కోసేదాన్ని కాదు. ఈ మాట ఇంట్లో పైకి అనలేదు. అనకపోయినా మా ఆయనకి తెలుసు. వెంటనే మా విభాగంలో వాలంటీరుగా పేరిచ్చి, సైట్లోకి వెళ్ళేవాళ్ళకి పెట్టే సేఫ్టీ క్లాసుకి కూడా వచ్చి కూర్చున్నారు. నాకు తోడట. కాపలా అని నాకు తెలియదా?

ఏ రంపం కొనాలన్నది ఇంట్లో రెండు రోజులు నలిగింది. ల్యాబులో ఉన్న పెట్రోలు కట్టర్ పనిరాదు. నా చేతుల్ని ఇంతదాకా తెచ్చింది అదే. ఇంట్లో టైల్స్ కోసే చేతి గ్రైండర్ తేలికే, పువ్వులా పట్టుకోవచ్చు. కానీ దాని బ్లేడు అరచేతంత, రెండు వేళ్ళ లోతు కూడా దిగదు. ఆ రాతి పొర మందం. చుట్టూ కనీసం బెత్తెడు లోతు గాడి కోస్తే తప్ప ముక్క అడుగు నుంచి కదలదు. వజ్రపు పళ్ళున్న గొలుసు రంపం ఎంత లోతైనా దిగుతుంది, మూలలు కూడా చక్కగా తీస్తుంది. దానికి పైపుతో నీళ్ళు ధారగా పెట్టాలి. ఆ వాలు మీద కుళాయి లేదు. ఉన్నా, నీళ్ళు నిలిస్తే దోమలు వస్తాయని సైట్ వాళ్ళు మనల్ని ముందు బయటికి పంపిస్తారు. మిగిలింది గుండ్రటి బ్లేడు తిరిగే బ్యాటరీ కట్టర్, దానికి చేతి పంపుతో నీళ్ళు చల్లితే చాలు. పొగ ఉండదు, తాడు లాగి స్టార్ట్ చేసే పని లేదు, మీట వదిలితే ఆగిపోతుంది.

మా ఆయన ఫోనులో ప్రతి కట్టర్ వివరాలూ చదివారు. ఆయనకి ఏ వస్తువైనా సెల్‌ఫోనే. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, దుమ్ము లోపలికి పోతుందా, వారంటీ ఎంత అని. నంద్యాలలో బండల పని చేయించే నా తమ్ముణ్ణి వీడియో కాల్లో అడిగారు కూడా. వాడు పెద్దది కొనమన్నాడు. వాడికి ఏదైనా పెద్దదే నచ్చుతుంది.

జలన్ బెసార్ వైపు సందుల్లో ఒక పనిముట్ల కొట్టుంది. కొట్టు నడిపే చైనీస్ ఆంటీ పంఖా కింద కూర్చుని బొప్పాయి తింటూ, పెద్ద బ్లేడున్నది ఒకటీ, చిన్న బ్లేడున్నది ఒకటీ బల్ల మీద పెట్టింది. మా ఆయన రెండూ ఎత్తి చూశారు. పెద్దదాన్ని ఊపి, "ఇది గట్టిగుండాది. వణుకు గూడ దీంట్లోనే కొంచెం తక్కువని రాసినారు సూడు" అన్నారు. నేను కూడా ఎత్తాను. పాత పెట్రోలు దానికంటే తేలికే కదా అనిపించింది. పిడి చల్లగా, నమ్మకంగా ఉంది. బరువైన గిన్నె అడుగంటదని అమ్మ చెప్పే నమ్మకం అది. కొనేశాం. చిన్నదాన్ని ఆంటీ మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

బిషాన్‌లో మా ఫ్లాటుకి తెచ్చాక, దానికి పసుపు కుంకుమ పెట్టారాయన. అది అయ్యాక, బ్యాటరీ తీసేసి వంటింట్లో సరదాకి పని చేస్తున్నట్టు పట్టుకున్నాను. ఫ్రిజ్ తలుపునే రాతి వాలు అనుకున్నాను. అక్కడే తెలిసింది. కొట్టులో మేము దాన్ని చేతులు కిందికి వేలాడేసి, బిందెలా ఎత్తి చూశాం. వాలు మీద నేను దాన్ని రొమ్ము ఎత్తున, అడ్డంగా, చేతులు చాచి పట్టుకోవాలి. అలా పట్టుకున్న కాసేపటికే మోచేతులు వణికాయి. బ్లేడు తిరగకుండానే ఇలా ఉంటే, తిరిగితే ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా రాళ్ళు కోసేదాన్ని, పనిముట్టుని పనిచేసే తీరులో పట్టి చూడాలని తట్టలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

మా అమ్మాయి ఆఫీసు కాల్ మధ్యలో మంచినీళ్ళకని వచ్చి, "వై యూ హగ్గింగ్ ద ఫ్రిజ్, మా?" అంది.

"రాయి కోస్తాండా" అన్నాను.

"దట్ వన్ టూ హెవీ లా. యువర్ హ్యాండ్ ఆల్రెడీ లైక్ దట్" అని, ఇక్కడి వాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి, నీళ్ళు తాగి వెళ్ళిపోయింది. దానికి అంత మాత్రం కనిపించింది.

మర్నాడు మళ్ళీ కొట్టుకి వెళ్ళాం. "నెవర్ యూజ్, ఆ?" అంది ఆంటీ, పెట్టె తిప్పి తిప్పి చూస్తూ. "నెవర్ యూజ్, ఆంటీ" అన్నారు మా ఆయన. కుంకుమ బొట్టు వేలితో గీకి చూసి, ఏమనుకుందో ఏమో, "ఓకే లా" అంది. ఈసారి నేను చిన్నదాన్ని తీసుకుని, కొట్టు స్తంభానికి ఎదురుగా మోకాళ్ళు వంచి నిలబడి, రొమ్ము ఎత్తున అడ్డంగా పట్టుకున్నాను. తర్వాత నిలువుగా. తర్వాత ఒక కాలు పీట మీద పెట్టి. స్క్రూలు కొనుక్కోవడానికి వచ్చిన ఇద్దరు పని మానేసి నన్నే చూశారు. సిగ్గనిపించలేదు. చిన్నదాని బ్లేడు సరిగ్గా బెత్తెడు దిగుతుంది. నాకు కావలసింది అంతే. అది చేతిలో కుదురుగా కూర్చుంది. ఎన్నో నెలల తర్వాత నాకు నా చేతుల మీద కాస్త ధైర్యం వచ్చింది.

శుక్రవారం ల్యాబు వెనక పారేసిన రాళ్ళ మీద అలవాటు చేసుకున్నాను. మా ఆయన కూడా సెలవు పెట్టి వచ్చి, "నాకూ ఒకసారి ఇయ్యి" అన్నారు. ఇష్టం లేకుండానే ఇచ్చాను. బ్లేడుని నొక్కకూడదు, దాని బరువు మీద దాన్నే దిగనివ్వాలి, చప్పుడు మందగిస్తే పైకెత్తాలి అని చెప్పాను. చెప్పినంతసేపూ నా గొంతులో విసుగు నాకే వినిపించింది. ఆయన రెండు రాళ్ళు కోసి, మూడోది కూడా కోశారు.

శనివారం పొద్దున ఎండ బాగానే ఉంది, మధ్యాహ్నానికి వాన తప్పదని ఫోను చెబుతోంది. హెల్మెట్లు, మాస్కులు, కళ్ళద్దాలు, గ్లవ్స్, చెవులకి మూతలు. వాలు మీద వేసిన చెక్క మెట్టు మీద నిలబడ్డాను. మా ఆయన మొక్కలకి మందు కొట్టే పంపు భుజానికి తగిలించుకుని, బ్లేడు మీద సన్నగా నీళ్ళు కొట్టడానికి పక్కన నిలబడ్డారు. నీళ్ళు లేకపోతే ఆ రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి కూర్చుంటుంది.

ఆకు చుట్టూ నా నాలుగు వేళ్ళూ ఆనించి, సుద్దతో గీత గీసుకుంటూ వచ్చాను. నా పద్ధతి అదే. ఆకు అంచు నుంచి బెత్తెడు వదిలి కోయాలి. రాయి ఎక్కడ చిట్లుతుందో ఎవరికీ తెలియదు, చిట్లితే ఆ బెత్తెడు లోపలే చిట్లాలి.

పై గాడి హాయిగా వచ్చింది. దాపరికం ఎందుకు, పాట పాడుకోవాలనిపించింది. బ్లేడు బూడిదరంగు బురద కక్కుతూ, తిన్నగా, నా గీత మీదే దిగింది. కొస దాకా వెళ్ళి ఆపి, గ్లవ్స్ తీసి వేళ్ళు చూసుకున్నాను. కొంచెం పాలిపోయాయి. చేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చబెట్టుకున్నాను. "చాలా?" అన్నారు మా ఆయన. "ఏం చాలు? ఇప్పుడే గదా మొదలుపెట్టింది" అన్నాను. ఆయన పంపుకి గాలి కొట్టుకుంటూ నిలబడ్డారు.

ఎడమ పక్క నిలువు గాడి సగం దాకా వచ్చింది. ఆపుదామనుకుని మీట మీద నుంచి వేలు తీశాను. తీశాననుకున్నాను. బ్లేడు ఆగుతోందనుకుని బయటికి లాగాను. అది ఆగలేదు. నా వేలు మీట మీదే ఉంది, నొక్కుతూనే ఉంది, నాకు తెలియలేదు. బ్లేడు గాడిలోంచి ఎగిరి, రాతి మీద ఏటవాలుగా గీరుకుంటూ ఆకు వైపు జారింది. ఎడమ చేత్తో మొత్తంగా వెనక్కి లాక్కున్నాను. అప్పుడు కుడి చెయ్యి పిడి నుంచి ఊడి, రంపం ఆగింది.

ఆకు కొసకి వేలెడు దూరంలో, తెల్లగా, కొత్త గీత.

గ్లవ్స్ తీసి చూసుకుంటే నాలుగు వేళ్ళూ కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి. బొటనవేలి గోరుతో ఒక్కొక్కదాన్నీ గుచ్చి చూశాను. ఏమీ లేదు. చెక్క మెట్టు మీదే కూలబడ్డాను. మొదట భయమేసింది, ఆ గీత ఇంకాస్త సాగి ఉంటే అని. తర్వాత, మా ఆయన ఏమన్నా అంటే గట్టిగా అరిచేద్దామని కాచుకున్నాను. "నేను అప్పుడే చెప్పినా" అన్న మాట కోసం ఎదురుచూశాను. ఆయన అనలేదు. పంపు కింద పెట్టి, నా పక్కన కూర్చుని, నా చేతులు రెండూ తీసుకుని తన చేతుల మధ్య పెట్టుకున్నారు. ఆయన చేతులు వెచ్చగా ఉండే ఉంటాయి. నాకు తెలియలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. మాస్కు లోపల ముక్కు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా లేదు.

మబ్బు పడమటి నుంచి వస్తోంది. ఇంజనీరు కింద నుంచి ఒకసారి పైకి చూసి వెళ్ళాడు.

"మీరు కోయండి" అన్నాను.

ఆయన వెంటనే లేవలేదు. "నిజంగానా?" అన్నారు.

"కోయండి అంటాండా గదా."

ఆయన కళ్ళద్దాలు సరిచేసుకుని, రంపం తీసుకుని, వాలు ముందు నిలబడ్డారు. చెరిగిపోయిన సుద్ద గీతని చూసి, తన నాలుగు వేళ్ళు ఆకు పక్కన ఆనించి, వెనక్కి తిరిగారు. "నీ బెత్తెడా, నా బెత్తెడా?" అని అడిగారు.

"మీదే. ఇంకొంచెం ఎక్కువే వదలండి."

మోచేత్తో పంపు నొక్కుతూ నీళ్ళు నేను కొట్టాను. రెండో అరచెయ్యి ఆయన వీపు మీద పెట్టాను. వేళ్ళకి తెలియకపోయినా అరచేతికి ఇంకా కొంచెం తెలుస్తోంది. చప్పుడు మందగించినప్పుడల్లా వీపు మీద తట్టేదాన్ని, ఆయన పైకెత్తేవారు. మళ్ళీ తడితే మళ్ళీ దించేవారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మనిషి నా మాట ఇంత బుద్ధిగా విన్నది ఆ పూటే. ఆయన కోత నా కోతలా లేదు. భయం భయంగా, గీత అటూ ఇటూ వంకర పోతూ ఉంది. గాడి కోస్తున్న మనిషి పళ్ళు బిగబట్టి ఉన్నాడని వీపే చెబుతోంది. ఎడమ పక్క మిగిలిన సగం, కింద, కుడి పక్క, అన్నీ ఆయనే కోశారు. నేను పట్టుకుంటాననలేదు. ఆయన ఇవ్వజూపలేదు.

గాడులు కలిశాక బయటి వైపు రాయి ఉలితో కొట్టి తీసి, అడుగున ఇనప మేకులు వరసగా దిగ్గొట్టారు. ఏ మేకు తర్వాత ఏ మేకు అన్నది నేను చెబుతూ వచ్చాను. మొదటి చినుకులు హెల్మెట్ మీద పడుతుండగా లోపలెక్కడో టక్కుమంది. ముక్క కదిలింది. ఇంజనీరు ఇద్దరు మనుషుల్ని పంపాడు. అందరూ పట్టి, ఆకు పైకి ఉండేలా చెక్క పలక మీదికి దించి, రేకుల షెడ్డు కిందికి మోశారు. ఆయన బెత్తెడు పెద్దది కదా, బండ మోయలేనంత బరువు వచ్చింది. వాన దబదబా మొదలైంది. మోసిన వాళ్ళు వెళ్ళిపోయారు. షెడ్డు కింద మేమిద్దరం, ఆకు.

శిలాజం బయటికి వచ్చాక, ప్లాస్టర్ పట్టీ చుట్టే ముందు, నేను ఎప్పుడూ ఒక పని చేస్తాను. తడి గుడ్డతో తుడిచి, చూపుడు వేలు దాని మీద నెమ్మదిగా నడిపిస్తాను. దాన్ని ముట్టుకున్న మొదటి మనిషిని నేనే అన్న సంతోషం కోసం. ఎవరికీ చెప్పని సంతోషం అది. ఆ రోజూ తుడిచాను. వేలు ఈనె మీద పెట్టి, మొదలు నుంచి కొస దాకా తీసుకెళ్ళాను. వేలు కదలడం కంటికి కనిపించింది, అంతే. ఇంకోసారి చేశాను. వంగి చెంప ఆనిద్దామా అనుకున్నాను గానీ, ఎవరైనా వస్తారేమోనని ఆగాను.

"గ్లవ్స్ తీయండి" అన్నాను మా ఆయనతో.

తీశారు.

"ముట్టుకోండి. ఎట్లుందో చెప్పండి."

ఆయన నా వైపు చూశారు. తర్వాత చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, వంగి, చూపుడు వేలు ఆకు మొదట్లో పెట్టారు. "నడుమ లేచిండాది. ఈనె" అన్నారు. "దాని పక్కన సన్న సన్నగా గీతలుండాయి, దగ్గర దగ్గరగా. దువ్వెన పండ్ల మాదిరి. మెత్తగా లేదు, గరుకుగా గూడ లేదు." వేలు ముందుకు జరిగింది. నేను కళ్ళు మూసుకున్నాను. "ఈడ కొస కాడికి వస్తే సన్నబడింది." ఒక చోట ఆగి, వెనక్కి వచ్చారు. "ఇక్కడ అంచు మీద చిన్న చిన్న గంట్లుండాయి. అర్ధచందురుని మాదిరి. ఏదో కొరికినట్టుండాది. నువ్వు చూసినావా ఇది?"

నేను చూడలేదు. అన్ని రోజులు దాని ముందు నిలబడి ఉన్నా చూడలేదు. ఏదో పురుగు, పువ్వులు పుట్టక ముందే, ఆకలేసి ఆ ఆకు అంచుని తిని వెళ్ళింది.

"చూడలేదు" అన్నాను. "మళ్ళా మొదట్నుంచి చెప్పండి. మెల్లగా."